డెరెక్ దొంగిలించని బస్సు

డెరెక్ ఓల్డ్‌రాయిడ్ యాభై ఏడో ఏట పెళ్లి చేసుకున్నాడు. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లండులోని హాలిఫాక్స్ బస్సు డిపోలో ఇంజన్ల కింద పడుకుని పనిచేశాడు. సాయంత్రం ఇంటికెళ్లి తల్లికి టీ కాచి ఇచ్చేవాడు, ఆవిడ అది నీళ్లలా ఉందనేది, ఇద్దరూ తృప్తిగా తాగేవారు. తల్లి పోయిన మరుసటి వేసవిలో అమెరికాలోని అయోవా నుంచి వచ్చిన ఒక చర్చి పాటల బృందం ఎక్కిన బస్సు హాలిఫాక్స్ ఎత్తురోడ్డు మీద పొగలు కక్కుతూ నిలబడిపోయింది. డిపో నుంచి డెరెక్‌ని పంపారు.

రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లలోంచి ఒకావిడ లేచి వచ్చి, "ఇది మళ్లీ కదులుతుందంటారా?" అని అడిగింది.

"కదులుతుంది. మీరు పాడటం ఆపితే ఇంకాస్త తొందరగా కదులుతుంది."

ఆవిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, పకపకా నవ్వింది. ఆవిడే మార్లిస్. భర్త పోయి ఆరేళ్లయింది, అయోవాలో కెల్‌స్టన్ అనే చిన్న ఊళ్లో స్కూలు వంటగదిలో పనిచేస్తోంది. ఆ నవ్వు చూసి డెరెక్ మనసు పారేసుకున్నాడు. రెండేళ్లు ఉత్తరాలు రాసుకున్నారు. తొంభై మూడు సెప్టెంబరులో అతను రెండు పెట్టెలతో కెల్‌స్టన్‌లో దిగాడు.

డిపోలో అతన్ని సాగనంపిన తీరు ఒకటి చెప్పాలి. ఫోర్‌మన్ సిడ్ గ్రీన్‌వుడ్ కుర్చీ ఎక్కి, "ఒరేయ్ డెరెక్, నువ్వు పోతున్నావంటే బస్సులకి ఆరోగ్యం బాగుపడుతుందిరా. అమెరికా వాళ్లు మాకేం ద్రోహం చేశారని నిన్ను పంపుతున్నాం," అన్నాడు. అందరూ కలిసి రంగు కాగితంలో చుట్టిన బహుమతి ఇచ్చారు. విప్పితే డెరెక్ సొంత రెంచీయే, వారం కిందట అతని పెట్టెలోంచి కొట్టేసింది. అతను దాన్ని చూసి, "నాకు కావలసిన సైజు ఇది కాదు," అన్నాడు. ఇంటికెళ్లే బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. అంత ప్రేమగా అతనితో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

కెల్‌స్టన్‌లో మొదటి నెలంతా అతనికి అయోమయంగానే గడిచింది. కనబడిన ప్రతివాళ్లూ పొగిడేవాళ్లే. అతని యాస ఎంత బాగుందో అన్నారు. అతను వచ్చినందుకు ఊరంతా పొంగిపోతోందన్నారు. మార్లిస్ ఇంటి మెట్టు సరిచేస్తుంటే దారిన పోయే ఒకాయన ఆగి, "అబ్బ, ఎంత చక్కగా చేస్తున్నారండీ," అని వెళ్లిపోయాడు. డెరెక్ ఆ మెట్టును నాలుగు వైపుల నుంచీ చూశాడు. ఎక్కడ వంకర పోయిందో తెలియలేదు. హాలిఫాక్స్‌లో ఎవరైనా అంత మాటన్నారంటే మెట్టు విరిగి ఉండాలి.

"అతనికి నా మీద ఏం కోపం?" అని మార్లిస్‌ని అడిగాడు.

"కోపమా? మెచ్చుకున్నాడు కదా."

"అదే అడుగుతున్నా. ఎందుకు?"

మార్లిస్ నవ్వింది. అతనికి నిశ్చింతగా అనిపించింది.

అక్టోబరులో చర్చి కింది హాల్లో విందు జరిగింది. తలా ఒక గిన్నె వండి తెచ్చి పొడుగాటి బల్లల మీద పెట్టారు. మార్లిస్ వంటింట్లో పాత్రల దగ్గర ఉంది. డెరెక్‌ని పాస్టర్ లిండ్‌గ్రెన్‌కీ, వెర్నా స్టకీకీ మధ్య కూర్చోబెట్టారు. ఎదురుగా మెల్విన్ క్లోస్టర్ అనే రైతు. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన వెర్నాకి ఊళ్లో తెలియని విషయం లేదు. తెలియనిదేదైనా ఉంటే అడిగి తెలుసుకుంటుంది.

"అయితే డెరెక్, ఇక్కడికి రాకముందు ఇంగ్లండులో ఏం చేసేవారు?"

డెరెక్ ఫోర్కు పక్కన పెట్టాడు. "ఎక్కువ కాలం లోపలే గడిచిందండీ. పన్నెండేళ్లు."

"లోపలంటే?"

"జైల్లో. బస్సు దొంగతనం."

అతని మొహంలో ఒక్క గీత కదలలేదు. కదిలితే ఆ మాట చెడిపోతుంది. డిపోలో అయితే ఇక్కడ ఎదుటివాడు అందుకోవాలి. పన్నెండేళ్లేనా, మీ అమ్మ దగ్గర ఉండటం కంటే అదే నయం కదరా అనాలి. లేదా, ఎలా దొరికావురా అని అడగాలి. అప్పుడు డెరెక్, పారిపోదామంటే ప్రతి స్టాపులోనూ జనం ఎక్కుతూ ఉంటే ఏం చెయ్యను, అంటాడు. దానిమీద ఇంకొకడు టికెట్లు కొట్టావా లేదా అంటాడు. అలా టీ చల్లారేదాకా సాగుతుంది. హాస్యమంటే ఇద్దరు పట్టుకుని లాగే రంపం లాంటిదని అతనికి వేరే ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ఒక్కడే లాగడం అతనెప్పుడూ చూడలేదు.

ఆ హాస్యంలో రెండో సగం నోట్లో పెట్టుకుని అతను ఎదురుచూశాడు.

ఎవరూ ఏమీ అడగలేదు. మెల్విన్ తన పళ్లెంలోకి చూసుకున్నాడు. పాస్టరు గొంతు సవరించుకున్నాడు. వెర్నా మెల్లగా చెయ్యి చాచి అతని చేతి మీద వేసింది.

"చెప్పినందుకు సంతోషం, డెరెక్. చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు."

"ధైర్యమేముంది? మీరడిగారు, నేను చెప్పా."

"అవును," అంది వెర్నా, కళ్లు చెమ్మగిల్లుతుండగా. పాస్టరు 'ఆపిల్ పై' అనే తీపి వంటకం అందుకుని, పెద్ద ముక్క కోసి అతని పళ్లెంలో వేశాడు.

ఇదేదో పేలని టపాకాయ అనుకున్నాడు డెరెక్. అప్పుడప్పుడూ అవుతుంది. ఆ ఆపిల్ వంటకం బాగుంది. ఆ సంగతి అక్కడితో మరిచిపోయాడు.

ఆ వారంలో ఇంటికి మూడు గిన్నెల వంటకాలు వచ్చాయి. కోడిమాంసం, బంగాళాదుంపలు, పైన చీజ్ కరిగించినవి. వెర్నా చనిపోయిన తన తమ్ముడి కోటు తెచ్చిచ్చింది. మందంగా, కొత్తదానిలా ఉంది. "చలికాలం ఇక్కడ కష్టంగా ఉంటుంది. మీరు బయట ఎక్కువగా తిరిగి ఉండరు కదా," అంది. ఇంగ్లండులో చలి తక్కువని ఆవిడ అభిప్రాయం కాబోలు అనుకున్నాడు. పాస్టరు దారిలో ఆపి, భుజం పట్టుకుని, "ప్రతి మనిషికీ మళ్లీ మొదలుపెట్టే హక్కుంది, డెరెక్. దానికి వయసుతో పని లేదు," అన్నాడు.

పెళ్లి గురించి అంటున్నాడనుకున్నాడు డెరెక్. "ఆలస్యమైందనుకోండి. కానీ ఒకసారి బయటపడ్డాక మళ్లీ అమ్మ దగ్గరికి పోలేం కదా," అన్నాడు. పాస్టరు అతని భుజాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"ఇంతమంది ఇంత మంచిగా ఎందుకున్నారు నాతో?" అని ఆ సాయంత్రం మార్లిస్‌ని అడిగాడు. ఆవిడ పిండి పిసుకుతోంది.

"వాళ్లు మంచివాళ్లు డెరెక్," అంది, చేతులవైపే చూస్తూ.

నవంబరులో అతను స్కూలు బస్సుల గ్యారేజీకి వెళ్లి పని అడిగాడు. సూపరింటెండెంట్ డీన్ హోల్‌స్ట్ అతని కాగితాలు చదివాడు, డిపో ఇచ్చిన ధ్రువపత్రం రెండుసార్లు చదివాడు.

"ముప్పై ఒక్క ఏళ్లా బస్సుల మీద?" అన్నాడు.

"ఒకటే బస్సు మీద కాదులెండి."

హోల్‌స్ట్ కాగితం మీద ఏళ్లు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిపాడు. తర్వాత చాలా మర్యాదగా, "మీలాంటివారు మాకు దొరకడం మా అదృష్టం. మొదట్లో మాత్రం గడ్డి కోసే యంత్రాలు చూద్దురుగాని. కొంతకాలం. మీకు ఇబ్బంది లేకుండా," అన్నాడు.

"బస్సులతో నాకేం ఇబ్బంది?"

"ఏమీ లేదనే అనుకుంటున్నాం," అన్నాడు హోల్‌స్ట్, ఎర్రబడుతూ.

మంచు మోకాలి లోతున పడిన జనవరిలో డెరెక్ షెడ్డులో కూర్చుని గడ్డి కోసే యంత్రాలు బాగుచేశాడు. తొమ్మిది ఉన్నాయి. పన్నెండు రోజుల్లో అన్నీ అయిపోయాయి. మళ్లీ మొదటిదాన్నుంచి విప్పాడు. గోడ అవతల గ్యారేజీలో నాలుగో నంబరు బస్సు రోజూ ఉదయం స్టార్టయ్యేటప్పుడు కీచుమనేది. అది బెల్టు శబ్దమనీ, రెండు నెలల్లో తెగుతుందనీ అతనికి ఇక్కడ కూర్చునే తెలుసు. చెప్తే అక్కడి మెకానిక్ గ్యారీ ఎంతో వినయంగా, "థాంక్సండీ, చూస్తాను," అని గ్యారేజీ తలుపు వేసుకునేవాడు.

ఒకసారి షెడ్డు గుమ్మానికి అడ్డంగా బస్సు నిలిపారు. జరుపుదామని డెరెక్ ఆఫీసులోకి వెళ్లి గోడకున్న బస్సు తాళంచెవుల పలక వైపు చెయ్యి చాచాడు. గుమాస్తా ఆవిడ కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి, "నేనిస్తా, నేనిస్తా, మీకెందుకు శ్రమ," అని అడ్డంగా నిలబడింది. మర్నాటికి ఆ పలకకి గాజు తలుపూ, దానికో చిన్న తాళమూ వచ్చాయి.

అతనికి లోపల మండింది. తన పనితనం ఎవరూ చూడకుండానే పనికిరాదని తేల్చేశారు. అయినా తిట్టరు, వెక్కిరించరు. నువ్వు చేతగానివాడివిరా అని ఒక్కడన్నా అంటే తిరిగి ఒక మాటనొచ్చు. వీళ్లు కేకు ముక్కలు తెచ్చిస్తారు.

సిడ్‌కి ఉత్తరం రాశాడు. 'ఇక్కడ నన్ను రాజులా చూస్తున్నారు. బస్సు దగ్గరికి మాత్రం రానివ్వరు' అని. సిడ్ నుంచి పోస్టుకార్డు వచ్చింది. 'తెలివైనవాళ్లు. నీ పని చూసి ఉంటారు' అని ఉంది దానిమీద, అంతే. డెరెక్ రెండు రోజులపాటు దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతూ, షెడ్డులో ఒక్కడే నవ్వుకున్నాడు. గుమాస్తా ఆవిడ కిటికీలోంచి చూసింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మెల్విన్ క్లోస్టర్ షెడ్డుకి వచ్చాడు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ కాసేపు మంచు గురించి మాట్లాడాడు. మొక్కజొన్న ధరల గురించి కూడా చెప్పాడు. డెరెక్ స్పార్కు ప్లగ్గు తుడుస్తూ విన్నాడు.

"మా తమ్ముడు లోరెన్ అని ఒకడున్నాడు," అన్నాడు మెల్విన్ చివరికి. "కౌంటీ జైల్లో ఉన్నాడు. తాగి పక్కింటివాళ్ల ధాన్యం లారీ తీసుకుపోయి కాలవలో పడేశాడు. పదకొండు నెలలు వేశారు. వాడు ఎవరితోనూ మాట్లాడట్లేదు. నాతో కూడా. పాస్టరుగారు వెళ్తే గోడవైపు తిరిగి కూర్చున్నాట్ట."

"పాపం," అన్నాడు డెరెక్. నిజంగానే అన్నాడు.

"మీరొకసారి వెళ్లి మాట్లాడతారేమోనని."

"నేనా? నేనెందుకు?"

మెల్విన్ టోపీ తిప్పడం ఆపాడు. "మీకు తెలుసు కదా అది ఎలా ఉంటుందో. లోపల. పన్నెండేళ్లంటే... అడక్కూడదని రెండు వారాలుగా అనుకుంటూనే ఉన్నా. మీకు బాధ కలిగిస్తే వదిలెయ్యండి."

డెరెక్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. విందు, వెర్నా చెయ్యి, కోటు, పాస్టరు భుజం నొక్కడం, తాళాల పలక, ఒక్కొక్కటే వచ్చి అతని ముందు నిలబడ్డాయి. నాలుగు నెలలు. ఊరు ఊరంతా నమ్మింది. నమ్మి, అతనికి భోజనం పెట్టింది.

అది హాస్యానికన్నానండీ అని చెప్పడానికి నోరు తెరిచాడు. మెల్విన్ మొహం చూశాడు. అరవై ఏళ్ల మనిషి, తమ్ముడు జైల్లో ఉన్నాడని పరాయి దేశస్థుడితో చెప్పుకోవడానికి రెండు వారాలు ధైర్యం కూడగట్టుకున్నవాడు. ఇప్పుడు అదంతా ఉత్తిదే అంటే ఈ మనిషి ఈ షెడ్డులోంచి ఎలా బయటికి నడుస్తాడు?

"గురువారం వెళ్తా," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మార్లిస్ సూప్ వేడి చేస్తోంది. కోటు కూడా విప్పకుండా అన్నాడు. "నువ్వు నమ్మలేవు. ఈ ఊళ్లో అందరూ నేను బస్సు దొంగిలించి జైల్లో ఉన్నాననుకుంటున్నారు."

గరిటె ఆగింది. మార్లిస్ వెనక్కి తిరగలేదు.

"లేవా మరి?" అంది.

ఆవిడ స్టవ్ ఆర్పి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"విందు మర్నాడే వెర్నా ఫోన్ చేసి చెప్పింది. నీ అంతట నువ్వే చెప్తావని చూస్తున్నా. అక్టోబరు నుంచి చూస్తున్నా."

"మార్లిస్. నేను జైలు మొహం ఎరగను. ముప్పై ఒక్క ఏళ్లు డిపోలో చేశా. మా అమ్మ గురించి రాశాను కదా ఉత్తరాల్లో."

"రాశావు. పన్నెండేళ్లు ఎక్కడ ఇరికాయా అని ఉత్తరాలన్నీ మళ్లీ చదివా. చిన్నప్పుడేమో అనుకున్నా. సైన్యంలో ఉన్నానన్నావే, అదేనేమో అనుకున్నా."

"అది సైన్యమే."

"నాకెలా తెలుస్తుంది?" అంది మార్లిస్. ఆవిడ గొంతు పెరగలేదు, కానీ డెరెక్ మొదటిసారి ఆవిడ కోపం చూస్తున్నాడు. "సూప్ నచ్చితే పర్లేదంటావు. నచ్చకపోతే అద్భుతం అంటావు. వాన ముంచెత్తుతుంటే ఎండ బాగుందంటావు. నా తలుపు రంగు బాగుందని మొన్న అన్నావు, బాగుందనా, బాలేదనా? అడిగితే ఇంకొకటేదో అంటావు. నాలుగు నెలలుగా నీ పక్కన పడుకుని, ఈ మనిషి ఎవరా అనుకుంటున్నా."

"మరి నవ్వావు కదా. ఆ రోజు, బస్సు దగ్గర. పాడటం ఆపమన్నప్పుడు."

"నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నేను నవ్వుతా. మా అమ్మా అంతే."

డెరెక్ కోటు విప్పి కుర్చీ వెనక వేశాడు. సూప్ మీద తెట్టు కట్టింది. రెండేళ్లు ఆ నవ్వును తలుచుకునే అట్లాంటిక్ దాటి వచ్చాడు. అది అర్థంకాక నవ్విన నవ్వు. అతనికి దుఃఖపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. మరో ఆలోచన ఆలస్యంగా వచ్చింది.

"నేను దొంగననుకుని కూడా నా చొక్కాలు ఇస్త్రీ చేశావా?"

"చేశాగా."

"ఎందుకు?"

"నలిగి ఉన్నాయి కాబట్టి," అంది మార్లిస్.

ఇది హాస్యమా, కాదా? అతను ఆవిడ మొహం వెతికాడు. ఆవిడ లేచి స్టవ్ మళ్లీ వెలిగించింది.

గురువారం అతను కౌంటీ జైలుకి వెళ్లాడు. లోరెన్ క్లోస్టర్ నలభై దాటిన బక్కపలచటి మనిషి. బల్లకి అటువైపు గోడకేసి తిరిగే కూర్చున్నాడు.

"ముందే చెప్పేస్తా," అన్నాడు డెరెక్. "నేనెప్పుడూ జైల్లో లేను. మాటవరసకి నవ్వులాటకి అన్నాను, అందరూ నమ్మేశారు. కాబట్టి నీకు చెప్పడానికి నా దగ్గర సలహాలేం లేవు."

లోరెన్ ఇటు తిరిగాడు. "మా అన్నకి తెలుసా?"

"తెలీదు."

"చెప్పొచ్చు కదా."

"చెబ్దామనుకున్నా. ఆయన మొహం చూశాక నోరు రాలేదు."

"నేనూ చూశా ఆ మొహం," అన్నాడు లోరెన్. "కోర్టులో."

డెరెక్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ లారీ కాలవలో పడకముందు ఇంజన్ ఎలా శబ్దం చేసిందని అడిగాడు. లోరెన్ ఆలోచించి చెప్పాడు. డెరెక్ అది గేరు పెట్టెలో లోపమై ఉండాలన్నాడు. లోరెన్ కాదన్నాడు. ముప్పావుగంట దానిమీద వాదించుకున్నారు. అధికారి వచ్చి టైమైందన్నాడు.

"మళ్లీ గురువారం వస్తారా?" అన్నాడు లోరెన్.

"గురువారమా? అమ్మో, నన్ను పిలిచినవాళ్లు చాలామంది ఉన్నారే."

"ఓ. సరే," అన్నాడు లోరెన్. అప్పటిదాకా ఎత్తి ఉన్న తల కిందికి దిగింది. లేచి తలుపువైపు నడిచాడు.

డెరెక్ కంగారుగా లేచి నిలబడ్డాడు. "ఆగు ఆగు. వస్తాను. అలా అన్నానంటే వస్తానని అర్థం. నాకు గురువారం ఏ పనీ లేదు. వస్తున్నా." తన మాటకి తనే అర్థం చెప్పుకోవడం జీవితంలో అదే మొదటిసారి. నడివీధిలో ప్యాంటు జారినట్టనిపించింది. లోరెన్ వెనక్కి చూసి తలూపాడు.

ఆ ఆదివారం పాస్టరు గదిలో, మెల్విన్ ఎదుట, డెరెక్ ఉన్నదంతా చెప్పేశాడు. పాస్టరు లిండ్‌గ్రెన్ వేళ్లు ముడిచి విన్నాడు.

"అంటే విందులో మీరు అబద్ధం చెప్పారు."

"అబద్ధం కాదండీ. హాస్యం."

"హాస్యం ఎక్కడుంది అందులో?"

"అది ఇంకా రాలేదు. ఎలా దొరికారని మీరెవరైనా అడగాలి."

"అలా ఎలా అడుగుతాం? మర్యాద కాదు కదా." పాస్టరు ఆలోచించాడు. "పోనీ ఇప్పుడడుగుతా. ఎలా దొరికారు?"

డెరెక్ చెమటలు పట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. "పారిపోదామంటే ప్రతి స్టాపులోనూ జనం ఎక్కుతూనే ఉన్నారు."

"చాలా నవ్వొచ్చేలా ఉంది," అన్నాడు పాస్టరు, గంభీరంగా. "నిజంగా." ఆయన నవ్వలేదు.

డెరెక్ మెల్విన్ వైపు తిరిగి, "లోరెన్‌కి మొదటి నిమిషంలోనే చెప్పేశా. మోసం చెయ్యలేదు. మీకు కోపం వచ్చిందా?" అన్నాడు.

"ఆలోచిస్తున్నా," అని మెల్విన్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం మార్లిస్ ఇంటి వసారాలో సగం పంది మాంసం, ముక్కలుగా కోసి తెల్లకాగితాల్లో పొట్లాలు కట్టి ఉంది. మెల్విన్ లారీ వీధి మలుపు తిరుగుతోంది. అది క్షమించాననడమో, కృతజ్ఞతో, అప్పు తీరిపోయింది ఇక పలకరించొద్దనడమో డెరెక్‌కి తేలలేదు. అతనూ మార్లిసూ మాంసం తిన్నారు. గురువారాలు అతను జైలుకి వెళ్తూనే ఉన్నాడు. లోరెన్ బయటికి వచ్చేదాకా గేరు పెట్టె తగాదా తేలలేదు, వచ్చాక కూడా తేలలేదు.

వెర్నాకి మాత్రం ఎంత చెప్పినా ఎక్కలేదు. డెరెక్ ఆవిడ ఇంటికి స్వయంగా వెళ్లి, కోటు తిరిగివ్వబోయి, తను జైలుకెళ్లలేదని రెండుసార్లు చెప్పాడు. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"మీకలా చెప్పుకోవాలనిపిస్తే అలాగే చెప్పుకుందాం డెరెక్," అంది మృదువుగా. "మా దగ్గర మీరు సిగ్గుపడక్కర్లేదు."

"వెర్నా గారూ, నేను దొంగని కాను."

"ఇప్పుడు కాదు," అంది ఆవిడ, కేకు పళ్లెం ముందుకి జరుపుతూ.

బయటికొచ్చి కోటు తొడుక్కుంటూ, ఆవిడ తనతో ఆడుకుంటోందా అని మొదటిసారి అనుమానపడ్డాడు. మార్లిస్‌ని అడిగితే, "యాభై ఏళ్లుగా చూస్తున్నా వెర్నాని. నాకూ తెలీదు," అంది.

మార్చిలో నాలుగో నంబరు బస్సు పిల్లలతో పొలాల మధ్య వెళ్తుండగా దాని బెల్టు తెగింది. అప్పటికి పాస్టరు హోల్‌స్ట్‌తో మాట్లాడి ఉన్నాడు. హోల్‌స్ట్ షెడ్డుకి వచ్చి, "మేం పొరబడ్డాం, మన్నించండి. మీరొస్తే మాకెంతో సంతోషం," అన్నాడు. డెరెక్ అలవాటుగా ఆ మాటలో ముల్లు ఎక్కడుందా అని వెతికి, దొరక్క, "నాక్కూడా," అన్నాడు.

గ్యారేజీలో మొదటి ఉదయం అతను బస్సెక్కాడు. స్టీరింగుకి ఒక కాగితం అంటించి ఉంది. అందులో అచ్చులా విడివిడిగా పెద్ద అక్షరాలతో, 'దయచేసి ఈ బస్సును సాయంత్రానికి వెనక్కి తీసుకురాగలరు' అని రాసి ఉంది.

డెరెక్ దాన్ని చాలాసేపు చూశాడు. గ్యారీని అడిగాడు. గ్యారీ కాగితం చదివి, తనకు తెలియదన్నాడు, మొహంలో ఏమీ లేదు. గుమాస్తా ఆవిడ కూడా తెలియదంది. హోల్‌స్ట్ దగ్గరికి వెళ్తే ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి తిరిగిచ్చాడు.

"ఇది హాస్యమా అండీ?" అన్నాడు డెరెక్.

"బస్సులు సాయంత్రానికి రావాల్సిందే కదా," అన్నాడు హోల్‌స్ట్.

డెరెక్ ఆ గ్యారేజీలో పదకొండేళ్లు పనిచేశాడు. అతని చేతికొచ్చాక ఒక్క బస్సూ దారిలో ఆగలేదు. ఆ కాగితం రాసింది ఎవరో ఆ పదకొండేళ్లలోనూ తెలియలేదు. అసలది వేళాకోళమో, స్కూలు నిబంధనో కూడా తెలియలేదు. కాగితం దొరికిన ఆ రోజు సాయంత్రం మాత్రం దాన్ని జేబులోంచి తీసి వంటింటి బల్ల మీద పరిచి, "ఈ చేతిరాత ఎవరిదో గుర్తుపడతావా?" అని మార్లిస్‌ని అడిగాడు.

మార్లిస్ బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఆవిడ పనిచేసే స్కూలు వంటగది గ్యారేజీకి ఎదురుగానే. కాగితం మీదికి ఒకసారి వంగి చూసింది.

"నాకెలా తెలుస్తుంది డెరెక్," అని ఇంకో దుంప అందుకుంది.

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. ఒక్క గీత కూడా కదల్లేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఆవిడ ఏదైనా అంటుందేమోనని చూస్తూ, తనూ ఒక దుంప తీసుకుని చెక్కడం మొదలుపెట్టాడు.